బిల్లు రోజున కంప్యూటర్ ‘తప్పు’ అంటే ఏమి చేయాలి?
(సంఘం లెక్కల ప్రశ్నలు, వాటిలో వచ్చే చిక్కులు, సరిచేసుకునే పద్ధతి)

పాల సంఘాలలో లెక్కలు చాలావరకు చేతి పుస్తకాల నుంచి కంప్యూటర్‌లోకి మారాయి. తూకం, వెన్న శాతం, ధర, బిల్లు అన్నీ అందులోనే నడుస్తున్నాయి. నడిచినంత కాలం దాని గురించి ఎవరూ ఆలోచించరు. బిల్లు తీయవలసిన రోజున తెర మీద ఎర్ర అక్షరాలతో ఒక సందేశం వచ్చి పని ఆగిపోయినప్పుడే కార్యదర్శికి చెమటలు పడతాయి, సభ్యులకు అనుమానాలు మొదలవుతాయి. ఆ సందేశం ఏమి చెబుతున్నదో, ఎక్కడ వెతకాలో, ఏది చేయకూడదో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. ఇది కార్యదర్శులకు మాత్రమే పనికివచ్చే విషయం కాదు. లెక్క ఎక్కడ తప్పుతుందో తెలిసిన సభ్యుడు తన బిల్లును తానే సరిచూసుకోగలడు.

ప్రశ్న అంటే ఏమిటి?

కంప్యూటర్‌లో లెక్కలు పట్టికలుగా ఉంటాయి. సభ్యుల పట్టిక ఒకటి, పాల సేకరణ పట్టిక ఒకటి, ధరల పట్టిక ఒకటి, బ్యాంకు ఖాతాల పట్టిక ఒకటి. మనము ఆవర్జాలో గీతలు గీసి గడులు వేసుకున్నట్లే, ఒక్కొక్క పట్టికలో నిలువు గడులు, అడ్డు వరుసలు ఉంటాయి. ఒక సభ్యురాలు ఒక పూట పోసిన పాలు ఒక వరుస. ఈ పట్టికలన్నీ కలిసినదే డేటాబేస్.

లెక్కలను ఇలా పట్టికలుగా ఉంచి, వాటి మధ్య సంబంధాన్ని సభ్యుని నెంబరు వంటి గుర్తుతో కలపాలన్న ఆలోచనను 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న ఇ.ఎఫ్. కాడ్ అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. ఆ పట్టికలను ప్రశ్నించే భాషను అదే సంస్థలో డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో వెలువరించారు. దానినే ఇప్పుడు ఎస్.క్యూ.ఎల్. అంటున్నారు. 1986లో దానికి అమెరికాలో ప్రమాణం ఏర్పడింది. ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ వారి ఎస్.క్యూ.ఎల్. సర్వర్, మై ఎస్.క్యూ.ఎల్., పోస్ట్‌గ్రెస్ అన్నీ ఈ భాషలోనే ప్రశ్నలు తీసుకుంటాయి.

కార్యదర్శి ‘బిల్లు’ అన్న మీట నొక్కగానే సాఫ్ట్‌వేర్ లోపల ఒక ప్రశ్న తయారవుతుంది. ‘ఈ నెల 1 నుంచి 15 వరకు ప్రతి సభ్యుడు పోసిన పాలు, వెన్న శాతం తీసుకొని, ధరతో గుణించి, సభ్యుని వారీగా కూడి ఇవ్వు’ అన్నది దాని సారాంశం. ఈ ప్రశ్నలో గాని, పట్టికలలో ఉన్న వివరాలలో గాని, రెండింటి మధ్య దారిలో గాని లోపం ఉంటే సందేశం వస్తుంది.

సందేశాన్ని ముందు చదవాలి

సందేశం రాగానే పెట్టెను ఆర్పి మళ్ళీ వెలిగించడం చాలా చోట్ల అలవాటు. దానివల్ల సందేశం పోతుంది, లోపం మిగులుతుంది. ముందు చేయవలసినది సందేశాన్ని పూర్తిగా రాసుకోవడం, లేదా ఫోనుతో ఫోటో తీసుకోవడం. అందులో ఉన్న నెంబరే అసలైన ఆచూకీ.

చాలా డేటాబేసులు అయిదు అక్షరాల ప్రామాణిక సంకేతం ఒకటి ఇస్తాయి. దానిలో మొదటి రెండు అంకెలు చూస్తే లోపం ఏ వైపు ఉన్నదో తెలుస్తుంది.

08 — సర్వర్‌తో సంబంధం తెగింది. తీగ, ఇంటర్నెట్, కరెంటు చూడాలి.
22 — ఒక గడిలో ఉన్న వివరం సరిగా లేదు.
23 — పట్టిక నియమానికి విరుద్ధమైనది ఎక్కించబోయారు.
28 — పేరు, రహస్యపదం అంగీకరించలేదు.
40 — పని మధ్యలో ఆగి వెనక్కు తీసుకోబడింది.
42 — ప్రశ్నలోనే తప్పు ఉన్నది, లేక అడిగేవారికి ఆ అధికారం లేదు.

ఇవి గాక ఒక్కొక్క కంపెనీకి సొంత నెంబర్లు ఉన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో 1205 అంటే రెండు పనులు ఒకదానికొకటి అడ్డుపడగా ఒకదానిని రద్దుచేశామని అర్థం. మై ఎస్.క్యూ.ఎల్.లో అదే 1205 అంటే తాళం కోసం ఎదురుచూసి గడువు దాటిందని అర్థం. అందువల్ల సాఫ్ట్‌వేర్ వారికి ఫోను చేసేటప్పుడు నెంబరుతోపాటు డేటాబేస్ పేరు, ఏ మీట నొక్కినప్పుడు వచ్చిందో కూడా చెప్పవలెను.

తరచుగా ఎదురయ్యే తప్పులు

1. ‘ఈ వరుస ఇప్పటికే ఉన్నది.’ ఒరాకిల్‌లో 00001, ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో 2627, మై ఎస్.క్యూ.ఎల్.లో 1062, పోస్ట్‌గ్రెస్‌లో 23505. సభ్యుని నెంబరు, తేదీ, పూట ఈ మూడూ కలిపి ఒకసారే ఉండాలని పట్టికకు నియమం పెట్టి ఉంటారు. ఒకరి పాలు రెండుసార్లు ఎక్కకుండా అది కాపలా. అయితే ఒకే పూట ఆవు పాలు, గేదె పాలు విడివిడిగా తెచ్చే సభ్యులు ఉన్నారు కదా. నియమంలో పాల రకాన్ని చేర్చకపోతే రెండవ తూకాన్ని కంప్యూటర్ తీసుకోదు. అప్పుడు వెనుక వరుస ఆగిపోతుందన్న తొందరలో ఆ పాలను వేరొకరి నెంబరు మీద ఎక్కించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. డబ్బు ఒకరిది మరొకరి ఖాతాకు పోతుంది. సంవత్సరాంతంలో పోసిన పాలను బట్టి ఇచ్చే బోనసు కూడా తప్పుతుంది. అటువంటి తూకాన్ని చిట్టా పుస్తకంలో రాసి, చీటీ ఇచ్చి, నియమం సరిచేయించిన తరువాత ఎక్కించాలి.

2. ‘అంకె కాదు.’ ఒరాకిల్‌లో 01722, ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో 245 లేదా 8114. వెన్న శాతం గడిలో 6.5 అని ఉండవలసిన చోట శాతం గుర్తు చేర్చడం, చుక్కకు బదులు కామా పెట్టడం, సున్నాకు బదులు ‘ఓ’ అక్షరం కొట్టడం దీనికి కారణాలు. అటువంటి వరుస ఒక్కటి ఉన్నా ప్రశ్న మొత్తం ఆగిపోతుంది. రెండు వందల మంది బిల్లు ఒక్క అక్షరం కోసం నిలిచిపోతుంది. దీనిని కనిపెట్టే ఉపాయం సగం చేయడం. పదిహేను రోజుల బిల్లు రాకపోతే ముందు ఏడు రోజులకు తీసి చూడాలి. వస్తే లోపం తరువాతి ఎనిమిది రోజులలో ఉన్నట్లు. వాటిని మళ్ళీ సగం చేయాలి. మూడు నాలుగు సార్లలో తేదీ దొరుకుతుంది. ఆ తేదీలో పూట, ఆ పూటలో వరుస దొరకడం కష్టం కాదు.

3. ‘సున్నాతో భాగహారం.’ ఒరాకిల్‌లో 01476, ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో 8134, పోస్ట్‌గ్రెస్‌లో 22012. సరాసరి వెన్న శాతం కావాలంటే మొత్తం వెన్నను మొత్తం పాలతో భాగించాలి. ఏ కారణం చేతనో పాలు తీసుకోని పూట మొత్తం పాలు సున్నా. సున్నాతో భాగించడం కంప్యూటర్‌కు కూడా సాధ్యం కాదు. పాలు సున్నా అయిన పూట సరాసరిని ఖాళీగా వదలమని ప్రశ్నలో చెప్పించాలి. తప్పించుకోవడానికి ఆ పూట ఒక లీటరు ఎవరి పేరనో ఎక్కించడం దొంగ లెక్క అవుతుంది.

4. ‘అటువంటి గడి లేదు’, ‘అటువంటి పట్టిక లేదు.’ ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో 207, 208, మై ఎస్.క్యూ.ఎల్.లో 1054, 1146; ఒరాకిల్‌లో 00904, 00942. నిన్నటిదాకా వచ్చిన నివేదిక ఈ రోజు ఇలా అంటే, మధ్యలో సాఫ్ట్‌వేర్‌ను కొత్త రూపానికి మార్చారేమో విచారించాలి. గడి పేరు మారితే పాత ప్రశ్నకు అది కనిపించదు. బిల్లుకు ముందు రెండు రోజులలో సాఫ్ట్‌వేర్ మార్పులు చేయనివ్వకుండా పాలకవర్గం ఒక తీర్మానం చేసుకోవడం మంచిది. ఒరాకిల్‌లో 00942కు మరొక అర్థం కూడా ఉన్నది. పట్టిక ఉన్నా చూసే అధికారం లేకపోతే ‘లేదు’ అనే చెబుతుంది.

5. ‘అధికారం లేదు.’ ఎస్.క్యూ.ఎల్. సర్వర్‌లో 229, పోస్ట్‌గ్రెస్‌లో 42501. పాలు పరీక్షించేవారికి ధరల పట్టిక మార్చే అధికారం ఉండకూడదు. కాబట్టి ఈ సందేశం చాలాసార్లు న్యాయమైనదే. పని జరగడం లేదని పెద్ద రహస్యపదం అందరికీ చెప్పడం బీరువా తాళం అరుగు మీద పెట్టడం వంటిది. ఎవరికి ఏ పని కావాలో ఆ పనికి మాత్రమే అధికారం ఇప్పించాలి.

6. ‘ఆలస్యం’, ‘అడ్డం.’ బిల్లు తీసేటప్పుడు కంప్యూటర్ సభ్యుల పట్టికను పట్టుకొని పాల పట్టిక కోసం చూస్తున్నదనుకుందాము. అదే సమయంలో మరొకరు పాల పట్టికను పట్టుకొని సభ్యుల పట్టిక కోసం చూస్తున్నారు. ఇరుకు గట్టు మీద రెండు బండ్లు ఎదురుపడినట్లు ఇద్దరూ కదలరు. అప్పుడు డేటాబేస్ ఒకరి పనిని రద్దుచేసి రెండవవారికి దారి ఇస్తుంది. రద్దయిన పనిని కొద్ది నిమిషాలాగి మళ్ళీ చేయవచ్చు. సేకరణ సాగుతున్న వేళలో బిల్లు తీయకుండా ఉంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

అడ్డం లేకపోయినా ఆలస్యమవుతుంటే సూచిక లోపమై ఉండవచ్చు. పుస్తకం వెనుక ఉండే అకారాది సూచిక వంటిదే పట్టికకు ఉండే సూచిక. అది లేకపోతే పదిహేను రోజుల పాల కోసం కంప్యూటర్ ఎన్నో సంవత్సరాల వరుసలన్నీ చదువుతుంది. సభ్యుని నెంబరు, తేదీ మీద సూచిక ఉన్నదో లేదో సాఫ్ట్‌వేర్ వారిని అడగాలి.

మళ్ళీ నొక్కే ముందు

డేటాబేసులో ఒక మంచి నియమం ఉన్నది. కలిసి జరగవలసిన పనులను ఒక కట్టగా అప్పగిస్తే, అన్నీ జరుగుతాయి, లేదా ఏదీ జరగదు. పాల డబ్బు జమ, దాణా బాకీ తగ్గింపు ఒక కట్టలో ఉంటే, జమ అయి బాకీ తగ్గకుండా ఉండదు. 40 తో మొదలైన సంకేతం వచ్చిందంటే కట్ట మొత్తం వెనక్కు పోయిందన్నమాట. దానిని మళ్ళీ చేయవచ్చు.

కాని 08 సంకేతం వేరు. చెల్లింపు ఆజ్ఞ పంపిన క్షణంలో సంబంధం తెగితే, అది జరిగినదీ జరగనిదీ ఈ వైపు నుంచి తెలియదు. అప్పుడు వెంటనే మళ్ళీ నొక్కితే రెండుసార్లు చెల్లింపు కావచ్చు. ముందు చెల్లింపుల పట్టికలో ఆ తేదీ వరుసలు ఉన్నాయేమో చూసి, ఆ తరువాతనే ముందుకు పోవలెను.

నోరెత్తని తప్పులు

ఎర్ర అక్షరాలతో కనిపించే తప్పు మేలు. పని ఆగుతుంది గనుక ఎవరో ఒకరు చూస్తారు. ఏ సందేశమూ లేకుండా బిల్లు వచ్చి, అందులో లెక్క తప్పి ఉండటం అసలైన ప్రమాదం. సభ్యుల డబ్బు నష్టమయ్యేది ఇక్కడనే.

ఖాళీ గడి. పరీక్ష యంత్రం ఆగి ఒక పూట వెన్న శాతం ఎక్కలేదనుకుందాము. ఖాళీ అంటే సున్నా కాదు, ‘తెలియదు’ అని అర్థం. తెలియని దానితో గుణిస్తే వచ్చేది కూడా తెలియనిదే. మొత్తం కూడేటప్పుడు కంప్యూటర్ అటువంటి వరుసలను వదిలివేస్తుంది. కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుంటే, 7 శాతం వెన్నతో 5 కిలోల పాలకు 280 రూపాయలు రావాలి. గడి ఖాళీగా ఉంటే ఆ 280 రూపాయలు బిల్లులోకి రావు, సందేశమూ రాదు. బిల్లు తీసే ముందు ఖాళీ గడులెన్ని ఉన్నాయో లెక్కించడం తప్పనిసరి.

తేదీ తిరగబడటం. మనము తేదీ, నెల, సంవత్సరం అన్న వరుసలో రాస్తాము. అమెరికా పద్ధతిలో ముందు నెల, తరువాత తేదీ. కంప్యూటర్ అమరిక ఆ పద్ధతిలో ఉంటే, మనము జూలై 5 అని రాసినది దానికి మే 7 అవుతుంది. ఆ పాలు ఎప్పుడో చెల్లింపు ముగిసిన మే నెలలో చేరి, జూలై బిల్లులో కనిపించవు. 12వ తేదీ వరకు ఇలా నోరెత్తకుండా జరుగుతుంది. 13వ తేదీన పదమూడవ నెల లేదు గనుక అప్పుడు సందేశం వస్తుంది. కాబట్టి 13వ తేదీన తేదీ తప్పు అన్న సందేశం వస్తే ఆ ఒక్క రోజును సరిచేసి ఊరుకోరాదు. వెనుకటి పన్నెండు రోజులను కూడా చూడాలి. సంవత్సరం, నెల, తేదీ వరుసలో 20240705 అని ఎక్కిస్తే ఈ గందరగోళం ఉండదు.

చివరి రోజు జారిపోవడం. తూకం తేదీతోపాటు గంట, నిమిషం కూడా నమోదయ్యే చోట ‘1 నుంచి 15 వరకు’ అని అడిగితే, 15 అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి సున్నా గంటలని కంప్యూటర్ తీసుకుంటుంది. ఆ తరువాత పోసిన ఉదయం పాలు, సాయంత్రం పాలు రెండూ బిల్లుకు బయట ఉండిపోతాయి. 30 పూటలు ఉండవలసిన బిల్లులో 28 ఉంటాయి. ‘1వ తేదీ మొదలుకొని, 16వ తేదీకి ముందు వరకు’ అని అడగడం సరైన పద్ధతి. రోజూ రెండు పూటలు పోసే సభ్యులు తమ బిల్లులో పూటల సంఖ్యను ఒకసారి లెక్కపెట్టుకోవాలి.

కలపడంలో వచ్చే తేడాలు. బిల్లు కోసం పాల పట్టికను బ్యాంకు ఖాతాల పట్టికతో కలుపుతారు. రెండింటిలోనూ ఉన్నవారినే ఇవ్వమని అడిగితే, ఖాతా నెంబరు ఇంకా ఎక్కని సభ్యురాలు జాబితా నుంచే మాయమవుతుంది. ఆమె పాలు పోసింది, కాని బిల్లులో పేరు లేదు. ఇంకొక సభ్యునికి పాత ఖాతా, కొత్త ఖాతా రెండూ ఆ పట్టికలో ఉంటే, అతని ప్రతి పూటా రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఒకరిది తగ్గి ఒకరిది పెరిగితే మొత్తం దాదాపు సరిపోయినట్లే కనిపిస్తుంది. అందుచేత రూపాయల మొత్తం ఒక్కటే చూసి లెక్క సరిపోయిందనుకోరాదు.

సరిచూసే క్రమం

ప్రతి బిల్లుకు ముందు ఈ నాలుగు లెక్కలు చూస్తే పైన చెప్పిన లోపాలు చాలావరకు బయటపడతాయి.

ఒకటి: పాలు పోసిన సభ్యుల సంఖ్య, బిల్లులో ఉన్న సభ్యుల సంఖ్య సమానంగా ఉండాలి.
రెండు: పాల పట్టికలో ఉన్న వరుసలు, బిల్లులో లెక్కించిన వరుసలు సమానంగా ఉండాలి.
మూడు: బిల్లులోని మొత్తం పాలు, యూనియన్‌కు పంపిన పాలు, స్థానికంగా అమ్మిన పాలు సరిపోవాలి. ట్రక్ షీట్లు పక్కన పెట్టుకొని చూడాలి. మామూలు తరుగుకు మించిన తేడా ఉంటే బిల్లు ఆపి కారణం వెతకాలి.
నాలుగు: వెన్న శాతం, ఖాతా నెంబరు, ధర గడులలో ఖాళీలు ఉండరాదు.

తప్పు దొరికిన తరువాత దిద్దడానికి కూడా పద్ధతి ఉన్నది. ముందు డేటాబేస్‌కు నకలు తీసి వేరే చోట ఉంచాలి. మార్చవలసిన వరుసలెన్నో అదే షరతుతో ముందుగా లెక్కించాలి. ఒక వరుస మార్చబోయి లెక్కలో 4,000 అని వస్తే షరతు తప్పిందని అక్కడే తెలుస్తుంది. షరతు మరిచి మార్పు ఆజ్ఞ ఇస్తే పట్టికలోని వరుసలన్నీ మారిపోతాయి. మార్చినది ఎవరు, ఎందుకు, పాత అంకె ఏమిటి, కొత్త అంకె ఏమిటి అన్నది దిద్దుబాటు పుస్తకంలో రాసి కార్యదర్శి, అధ్యక్షుడు సంతకం చేయాలి. ఆడిట్ వేళ అదే సంఘానికి రక్ష.

సభ్యులకు ఒక మాట

కంప్యూటర్ చెప్పింది గనుక నిజమే అనుకోవడం, కంప్యూటర్ వచ్చి మోసం మొదలయిందనుకోవడం రెండూ సరికాదు. అది మనము రాసినదాన్నే చదువుతుంది, అడిగినదానికే బదులిస్తుంది. ప్రతి పూట ఇచ్చే చీటీలను బిల్లు వచ్చేవరకు పారవేయకండి. చీటీలో మీ నెంబరు, తేదీ, పూట, తూకం, వెన్న శాతం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. చదవడం రానివారు ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలచేత చదివించుకోండి. బిల్లులో తేడా కనిపిస్తే చీటీలతో సహా కార్యదర్శికి చూపండి. ఒక్కరి బిల్లులో బయటపడిన తేడా చాలాసార్లు ఊరందరి బిల్లులో ఉన్న తేడా అవుతుంది.

కార్యదర్శులు కూడా అటువంటి ప్రశ్నను నిందగా తీసుకోరాదు. డబ్బు చెల్లించిన తరువాత వెనక్కు రాబట్టడం కంటే, చెల్లింపుకు ముందు ఒక పూట ఆలస్యమైనా సరిచూడటం తేలిక. పైన చెప్పిన నాలుగు లెక్కలను ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన గోడకు అంటించండి. ప్రతి బిల్లుకు ముందు వాటికి ఎదురుగా టిక్కు పెట్టి సంతకం చేయండి.